మామిడి పిందె, దారపు రీలు, స్కాట్లాండ్‌లో ఒక నేతగాళ్ల ఊరు

గత సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ, చీరల అంచుల్లో కనిపించే మామిడి పిందెను ఇంగ్లీషులో పైస్లీ అంటారని, అది స్కాట్లాండ్‌లో ఒక ఊరి పేరని రెండు వాక్యాల్లో రాసి ఊరుకున్నాను. ఆ రెండు వాక్యాలు ఏ మూలకూ చాలలేదని చెన్నై నుంచి, బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాలు చూశాక తెలిసింది. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఊరి కుటుంబాలకు, వృత్తులకు, వ్యాపారాలకే కేటాయిస్తున్నాను. మనం పైస్లీ అని రాస్తున్నా అక్కడివాళ్లు పలికేది పేజ్లీ అని.

ప్రశ్న: నేను ఇరవై ఏళ్లుగా జాకెట్లకు మగ్గం వర్కు చేస్తున్నాను. మా అత్తగారు, ఆవిడ తల్లిగారు కూడా దీన్ని మామిడి పిందె అనే అన్నారు. ఫ్యాషన్ డిజైనింగ్ చదువుతున్న మా అమ్మాయి మాత్రం పైస్లీ అని రాస్తేనే మార్కులు వేస్తారంటోంది. మన పిందెకు వాళ్ల ఊరి పేరు ఎందుకు వచ్చింది? ఆ ఊళ్లో దీన్ని నేసినవాళ్లు ఎవరు? నేను కుట్టిన ముక్క ఒకటి ఈ ఉత్తరంతో పంపుతున్నాను.
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: మీరు పంపిన ముక్క నా బల్ల మీదే ఉందమ్మా. ఎర్రటి పట్టు మీద పిందె వంపు ఎక్కడా విరగకుండా, కొస దగ్గర సన్నగా తిరిగి చాలా అందంగా వచ్చింది. దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాను. ముందువైపు కంటికి ఆనని ముడులు, ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు దాటిన దారాలు, కొస ఊడిపోకుండా మీరు వేసిన చిన్న కుట్లు అన్నీ అక్కడున్నాయి. ఈ వెనకవైపు సంగతి గుర్తుంచుకోండి, పైస్లీ కథలో దానికి పెద్ద పీటే ఉంది.

పిందె పైస్లీలో పుట్టలేదు. పారశీకంలో బోతే అని, కాశ్మీరంలో బూటా అని పిలిచే ఈ ఆకారం కాశ్మీరు శాలువాల కొంగుల మీద అంతకు ముందు నుంచే ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఆ శాలువాలు బ్రిటన్ చేరినప్పుడు అక్కడి సంపన్న స్త్రీలు వాటి కోసం ఎగబడ్డారు. కాశ్మీరు నేతగాళ్లు ఒక్కొక్క రంగు దారాన్నీ చిన్న చిన్న పుల్లలకు చుట్టుకుని, ఏ రంగు ఎంతమేర కావాలో అంతవరకే చేత్తో తిప్పుకుంటూ నేస్తారు కాబట్టి, మంచి శాలువా ఒకటి పూర్తి కావడానికి ఏడాది పైబడేది. అంత ధర పెట్టగలిగిన ఇళ్లు కొద్ది. మిగిలినవాళ్లకు అలాంటిదే చౌకగా నేసి అమ్మవచ్చునని ముందుగా ఎడింబరో, నారిచ్ ఊళ్ల వ్యాపారులు కనిపెట్టారు. 1805 ప్రాంతంలో ఆ పని పైస్లీకి చేరింది, చేరాక ఆ రెండు ఊళ్లనూ మించిపోయింది. కాశ్మీరు నుంచి కొత్త రకం శాలువాలు లండనులో దిగాయని తెలిస్తే చాలు, నమూనా గీసుకు రావడానికి పైస్లీ తయారీదారులు మనుషులను పంపేవారు. ఇలా డెబ్బై ఏళ్ల పాటు సాగేసరికి, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల నోట శాలువాకూ, దాని మీది పిందెకూ కూడా ఆ ఊరి పేరే స్థిరపడింది. ధర్మవరం అంటే మనకు ఊరి కంటే ముందు చీర గుర్తుకు వచ్చినట్టే అనుకోండి. అయితే ధర్మవరం చీర ధర్మవరం వాళ్లదే, పైస్లీ పిందె మాత్రం పైస్లీ వాళ్లది కాదు. కాశ్మీరు నేతగాడి ఊసు ఆ పేరులో ఎక్కడా లేకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. మీ అమ్మాయిని పరీక్షలో పైస్లీ అని రాసినా, పక్కనే మామిడి పిందె అని కూడా రాయమనండి.

ఇక నేసినవాళ్ల సంగతి. పైస్లీ గ్లాస్గో నగరానికి పడమరగా పదకొండు కిలోమీటర్ల దూరంలో, వైట్ కార్ట్ అనే చిన్న నది ఒడ్డున ఉంది. 1163లో అక్కడ ఒక క్రైస్తవ మఠం వెలిసింది, దాని చుట్టూ ఊరు పెరిగింది. శాలువాల కంటే ముందే, పద్దెనిమిదో శతాబ్దంలో, ఆ ఊరివాళ్లు నారబట్టల్లోను, పల్చని పట్టులోను, మస్లిన్లలోను చెయ్యి తిరిగినవాళ్లు. శాలువా పని వచ్చి వాళ్ల ముంగిట వాలడానికి కారణం ఆ చేతులే.

నేతగాడి ఇల్లు ఎలా ఉండేదో ఊహించుకోవడం మనకు కష్టం కాదు. ఒకే కప్పు కింద ఒకవైపు వంట, పడక. మరోవైపు మగ్గాల గది. మగ్గాల గదికి మట్టి నేల ఉండేది, ఆ నేల చెమ్మ వల్ల పడుగు దారాలు ఎండి తెగిపోకుండా ఉంటాయని. గుంట మగ్గం ముందు కూర్చున్న మన నేతగాళ్లు ఎవరైనా ఈ మాట వింటే తలూపుతారు. భార్య, పిల్లలు కండెలు చుట్టేవారు. పిందెల శాలువా నేయడానికి మగ్గం పక్కన ఒక కుర్రవాడు నిలబడి, ఏ వరుసకు ఏ పడుగు దారాలు పైకి లేవాలో చూసుకుంటూ తాళ్లు లాగేవాడు. 1830 తర్వాత చిల్లుల అట్టలతో నడిచే జకార్డు పరికరం వచ్చి ఆ కుర్రవాడి పని తీసుకుంది. మగ్గం నేతగాడిదే గాని, నూలు, నమూనా ఇచ్చి, నేసిన సరుకు తీసుకుని, కూలి కట్టేవాడు తయారీదారు. మన మగ్గాల ఊళ్లలో షావుకారు ఎలాగో అలాగే. అక్కడి నేతగాళ్లు ఈ తయారీదారులను కార్క్‌లు అని పిలిచేవారు.

ఇప్పుడు వెనకవైపు సంగతికి వద్దాం. రంగు రంగుల పేక దారాలు పిందెను, పువ్వును తీరుస్తాయి. అవి జారిపోకుండా, మొత్తాన్ని పడుగుకు పట్టి ఉంచడానికి నడుమ నడుమ ఒక సన్నని నూలు దారాన్ని నాడెతో విసరాలి. శాలువా కట్టుకున్నవాళ్లకు ఆ దారం కనబడదు. దాన్ని అక్కడి మాటలో స్మా షాట్ అంటారు, చిన్న పేక అని అర్థం. కనబడదు కాబట్టి దానికి కూలి ఇవ్వమని తయారీదారులు అన్నారు. అది లేకపోతే శాలువా శాలువాగా నిలవదని, ఆ నూలు తమ చేతి డబ్బుతో కొనుక్కుని, ఆ విసురు కూడా తమ చేత్తోనే విసురుతున్నామని నేతగాళ్లు అన్నారు. ఈ తగాదా ఏళ్ల తరబడి నడిచి, 1856లో తయారీదారులు కూలి పట్టికకు ఒప్పుకోవడంతో నేతగాళ్ల వైపు తేలింది. ఆ గెలుపును పురస్కరించుకుని జూలై మొదటి శనివారాన్ని ఊరంతా సెలవు దినంగా చేసుకుంది. ఈనాటికీ ఆ రోజున డప్పు వాయించుకుంటూ ఊరేగింపు తీస్తారు, కార్క్ బొమ్మను తగలబెడతారు. రాజుల పట్టాభిషేకాలకు, యుద్ధాల గెలుపుకు పండుగలు చేసుకునే ఊళ్లు చాలా ఉన్నాయి. కంటికి కనబడని ఒక దారానికి కూలి రాబట్టుకున్నందుకు పండుగ చేసుకునే ఊరు నాకు తెలిసి ఇదొక్కటే.

ఆ నేతగాళ్లు చదువుకున్నవాళ్లు, ప్రశ్నించేవాళ్లు కూడా. రాబర్ట్ టానహిల్ (1774–1810) మగ్గం ముందే కాగితం పెట్టుకుని పాటలు కట్టాడు. అలెగ్జాండర్ విల్సన్ (1766–1813) కూడా ఈ ఊరి నేతగాడే. బట్ట కొలతలో కూలివాళ్లను మోసం చేస్తున్నాడని ఒక మిల్లు యజమాని మీద పద్యం రాసినందుకు జైలుకు వెళ్లాడు, ఆ పద్యాన్ని తన చేత్తోనే నలుగురిలో తగలబెట్టవలసి వచ్చింది. 1794లో అమెరికాకు వలసపోయి, అక్కడి పక్షులను గీసి, వర్ణించి, ఆ దేశపు పక్షిశాస్త్రానికి పితామహుడు అనిపించుకున్నాడు.

శాలువా వ్యాపారం నిలకడైనది కాదు. 1841 నుంచి 1843 వరకు వచ్చిన మాంద్యంలో ఊళ్లోని తయారీ సంస్థల్లో సగానికి పైగా దివాలా తీశాయి. నేతగాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగని ఆ రోజుల్లో విక్టోరియా రాణి 1842లో పైస్లీ శాలువాలు కొని కప్పుకుని, అందరి దృష్టి అటు మళ్లించింది. 1870 తర్వాత మాత్రం ఏ రాణీ కాపాడలేకపోయింది. గౌను వెనకభాగం ఎత్తుగా ఉబ్బే పద్ధతి వచ్చాక దాని మీద పెద్ద శాలువా నిలవలేదు, చవక రకం అద్దకపు శాలువాలు పనిమనిషికి కూడా అందుబాటులోకి వచ్చేసరికి గొప్పింటివాళ్లకు మోజు తీరిపోయింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి, పేరు మిగిలింది.

ప్రశ్న: మాది మూడు తరాల కుట్టు సామాను కొట్టు. యాంకర్ గుర్తు దారం, కోట్స్ దారం మా తాతగారి కాలం నుంచి అమ్ముతున్నాం. ఇవి కూడా ఆ పైస్లీవే అని విన్నాను. నిజమేనా? ఇవి ఒకే కుటుంబానివా?
— ఒక పాఠకుడు, చింతాద్రిపేట, చెన్నై

జవాబు: నిజమే. కుటుంబాలు మాత్రం ఒకటి కాదు, రెండు. క్లార్క్‌లు, కోట్స్‌లు ఒకే ఊళ్లో మిల్లులు కట్టుకుని, ఒకే సంతలో పోటీపడి, చివరికి కలిసిపోయినవాళ్లు.

మొదట క్లార్క్‌లు. మగ్గంలో పడుగు దారాలను ఎత్తే అచ్చు కట్టడానికి అప్పట్లో పట్టు దారం వాడేవారు. 1806లో నెపోలియన్ బ్రిటన్‌కు సరుకులు చేరకుండా రేవులు మూయించడంతో పట్టు దొరకడం కష్టమైంది. ప్యాట్రిక్ క్లార్క్ పట్టు అంత నున్నగా, గట్టిగా పేనిన నూలు దారం తయారుచేసి అచ్చులకు వాడాడు. మగ్గానికి పనికొచ్చే దారం సూదికి ఎందుకు పనికిరాదని ఆ కుటుంబానికి తోచింది. 1812లో జేమ్స్ క్లార్క్ సీడ్‌హిల్ అనే చోట దారం మిల్లు పెట్టాడు. అంతవరకు లచ్ఛిలుగా అమ్మే దారాన్ని చెక్క రీళ్లకు చుట్టి అమ్మింది వీళ్లే. చెక్క రీలుకు అర పెన్నీ అదనంగా పుచ్చుకుని, ఖాళీ రీలు తెచ్చిస్తే అది తిరిగి ఇచ్చేసేవారు. మీ తాతగారి కాలంలో గోలీ సోడా బుడ్డికి డిపాజిట్ కట్టినట్టే. యాంకర్ మిల్లులు, ఆ లంగరు గుర్తు క్లార్క్‌లవి.

కోట్స్ కుటుంబానికి మూలపురుషుడు జేమ్స్ కోట్స్, ఆయన కూడా శాలువాల పనిలోంచి వచ్చినవాడే. 1826లో ఫెర్గస్‌లీ అనే చోట దారం మిల్లు కట్టాడు. 1830లో కొడుకులు జేమ్స్, పీటర్ దాన్ని అందుకోవడంతో జె. అండ్ పి. కోట్స్ అనే పేరు వచ్చింది. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు కుట్టు మిషను ఇంటింటికీ చేరింది. తెగకుండా మిషను వేగాన్ని తట్టుకునే దారం కావలసి వచ్చింది, ఆ దారం ఈ రెండు మిల్లుల దగ్గర ఉంది. 1896లో రెండు సంస్థలు ఒక్కటై, ప్రపంచంలోని అతి పెద్ద వ్యాపార సంస్థల్లో ఒకటిగా ఎదిగాయి. మంచి రోజుల్లో ఆ ఊరి దారం మిల్లుల్లో పదివేల మంది దాకా పనిచేశారు, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పెళ్లికాని అమ్మాయిలు. సగం పూట మిల్లులోను, సగం పూట మిల్లు కట్టిన బడిలోను గడిపే పిల్లలు కూడా ఉండేవారు.

పైస్లీకి వెళ్లినవాళ్లకు ఈ రెండు ఇంటిపేర్లు ఎటు చూసినా కనిపిస్తాయి. గ్రంథాలయం, మ్యూజియం పీటర్ కోట్స్ ఇచ్చినవి, 1871లో తెరిచారు. టౌన్ హాలు క్లార్క్‌ల సొమ్ముతో 1882లో, నక్షత్రశాల థామస్ కోట్స్ సొమ్ముతో 1883లో, ఆయన జ్ఞాపకార్థం పెద్ద చర్చి 1894లో లేచాయి. దాతలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ గ్రంథాలయంలో చదువుకుని పైకొచ్చిన కూలివాళ్ల పిల్లలు ఎందరో ఉంటారు. అయినా ఆ రాళ్ల మీద చెక్కని పేర్లు పదివేలున్నాయని మరిచిపోకూడదు. మిల్లుల్లో దారం తయారీ 1993తో ఆగిపోయింది. 1886 నాటి ఒక పెద్ద మిల్లు భవనం ఇప్పుడు జనం కాపురాలుండే ఫ్లాట్లుగా మారి, నీళ్ల పక్కనే నిలబడి ఉంది.

ఈ దారం కథకు ఇంకా పాత కొస ఒకటుంది, అది భయంకరమైనది. పైస్లీ దగ్గరి బార్‌గారన్ అనే చోట, పదకొండేళ్ల క్రిస్టియన్ షా అనే భూస్వామి కూతురు తనను మంత్రగత్తెలు పీడిస్తున్నారని చెప్పడంతో, 1697లో ఏడుగురికి మరణశిక్ష వేశారు. ఒకరు చెరసాలలోనే ఉరిపోసుకున్నారు, మిగిలిన ఆరుగురినీ ఉరితీసి తగలబెట్టారు. అదే క్రిస్టియన్ షా పెద్దయ్యాక సన్నని నార దారం పేని అమ్మింది. హాలండ్ నుంచి తెప్పించిన పరికరాలతో ఆమె కుటుంబం చేసిన బార్‌గారన్ దారం 1720ల్లో పేరుపొందింది, ఆ ప్రాంతంలో దారం పరిశ్రమకు అదే తొలి అడుగు అంటారు. ఆ ఏడుగురి గుర్తుగా ఊళ్లో ఒక కూడలి నడుమ గుర్రపు నాడా పొదిగి ఉంచారు.

మీ కొట్టుకు ఆ సరుకు చేరిన దారి కూడా స్కాట్లాండ్ వాళ్లదే. ఆండ్రూ హార్వే, ఫ్రాంక్ హార్వే అనే అన్నదమ్ములు తిరునెల్వేలి జిల్లా పాపనాశం దగ్గర తామ్రపర్ణి నీటి బలంతో, ఆ తరువాత తూత్తుకుడిలోను, మదురైలోను నూలు మిల్లులు పెట్టారు. 1908లో తూత్తుకుడిలోని వాళ్ల కోరల్ మిల్లు కూలివాళ్లు స్వాతంత్ర్య సమరయోధుడు వ.వు. చిదంబరం పిళ్లె నాయకత్వంలో సమ్మె చేసి కూలి పెంచుకున్నారు. హార్వేల మదురా మిల్స్, జె. అండ్ పి. కోట్స్ ఇండియా 1974లో కలిసి మదురా కోట్స్ అయ్యాయి. ఇంకో మాట. మీ చింతాద్రిపేట కూడా 1734లో కంపెనీవాళ్లు నేతగాళ్లను కూర్చోబెట్టిన ఊరే; అందుకోసం తీసుకున్న తోట సుంకు రామ చెట్టి అనే కోమటి వర్తకుడిది. చిన్న తరి, అంటే చిన్న మగ్గం, ఆ పేరులోనే ఉంది. అక్కడ కూర్చుని పైస్లీ గురించి అడగడం నాకు ఎంతో ముచ్చటగా అనిపించింది.

ప్రశ్న: మా ఇంట్లో పిల్లలకు కస్టర్డ్ చేసే బ్రౌన్ అండ్ పోల్సన్ పొడి డబ్బాకు, పైస్లీకి సంబంధం ఉందా?
— ఒక గృహిణి, జయనగర్, బెంగళూరు

జవాబు: ఉంది. వాళ్లు కూడా మొదట మస్లిన్ బట్టల వ్యాపారులే. బట్టకు పెట్టే గంజి పిండి తయారీలోకి దిగి, 1854లో జాన్ పోల్సన్ మొక్కజొన్న నుంచి తినడానికి పనికొచ్చే మెత్తని పిండి తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. బట్టకు పెట్టే గంజిలోంచి పాయసపు పిండి పుట్టిందన్నమాట. పదేళ్ల తరువాత, 1864లో, అదే ఊళ్లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే కిరాణా వ్యాపారి అమ్ముడుపోని చేదు నారింజలను పారబోయకుండా, భార్య చేత మార్మలేడు చేయించి ఒక పెద్ద వ్యాపారానికి అంకురం వేశాడు.

ప్రశ్న: నేను లా రెండో సంవత్సరం చదువుతున్నాను. సీసాలో నత్త కేసు జరిగింది పైస్లీలోనే అని పాఠంలో ఉంది. ఆ వ్యాపారుల గురించి మా పుస్తకాల్లో ఏమీ లేదు. చెప్పగలరా?
— ఒక విద్యార్థిని, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: న్యాయసూత్రం వెనక ఉన్న మనుషుల గురించి అడిగినందుకు చాలా సంతోషం. 1928 ఆగస్టు 26న గ్లాస్గో నుంచి వచ్చిన మే డొనహ్యూ అనే ఆవిడ, స్నేహితురాలితో కలిసి పైస్లీలోని వెల్‌మెడో కెఫేలో కూర్చుంది. కెఫే యజమాని ఇటాలియన్ వంశస్థుడు, పేరు ఫ్రాన్సిస్ మింగెల్లా. పందొమ్మిదో శతాబ్దం చివర నుంచి ఇటలీలోని కొండ ఊళ్ల వాళ్లు స్కాట్లాండ్ వచ్చి ఐస్‌క్రీము బండ్లతో మొదలుపెట్టి, ఊరూరా కెఫేలు తెరిచారు. అన్ని ఊళ్లలో కలిసిపోయిన ఆ కుటుంబాల వ్యాపారంలో ఇదొకటి.

స్నేహితురాలు కొనిపెట్టిన ఐస్‌క్రీము మీద కెఫే యజమాని అల్లం సోడా పోశాడు. లోపలిది కనబడని ముదురు రంగు సీసా అది. తాగాక మిగిలినది ఒంపినప్పుడు కుళ్లిన నత్త బయటపడిందని, దానితో తనకు జబ్బు చేసిందని ఆవిడ ఫిర్యాదు. సీసా మీద గ్లెన్ లేన్‌లోని డేవిడ్ స్టీవెన్‌సన్ పేరుంది. అప్పటి చిన్న సోడా ఫ్యాక్టరీలన్నీ ఖాళీ సీసాలను వెనక్కి తీసుకుని కడిగి మళ్లీ నింపేవి. నత్తలు తిరిగే చోట ఆ సీసాలను ఉంచుతున్నారని ఆవిడ లాయరు వాదించాడు. సోడా ఆవిడ కొన్నది కాదు కాబట్టి వ్యాపారితో ఒప్పందం లేదు, ఒప్పందం లేనివాళ్లకు బాధ్యత లేదు అన్నది అప్పటి పద్ధతి. ఖర్చులు కట్టుకోలేని నిరుపేదగా నమోదై ఆవిడ లండనులోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. 1932 మే 26న అయిదుగురిలో ముగ్గురు న్యాయమూర్తులు ఆవిడ వైపు నిలిచారు. మన పని వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందని ముందే ఊహించగలమో, ఆ ప్రతి మనిషీ మనం జాగ్రత్తగా చూసుకోవలసిన పొరుగువాడేనని లార్డ్ అట్కిన్ చెప్పాడు. సీసాలో నత్త నిజంగా ఉందో లేదో విచారణ జరగకుండానే స్టీవెన్‌సన్ కన్నుమూశాడు, కేసు రాజీతో ముగిసింది. మీరు పరీక్షలో సూత్రం రాసేటప్పుడు, తనది కాని ఊళ్లో, తాను కొనని సోడా కోసం చేతిలో చిల్లిగవ్వ లేకుండా నాలుగేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన ఆ మనిషిని కూడా ఒకసారి తలుచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు ఉద్యోగరీత్యా పైస్లీలో ఉంటున్నారు. పాత రాతి భవనంలో రెండో అంతస్తు ఇల్లు కొనుక్కున్నారు. మెట్లు మధ్యలో అరిగి పళ్లెంలా గుంటలు పడ్డాయి, అంతమంది ఎక్కి దిగారన్నమాట. ఆ ఇంట్లో ముందు ఎవరెవరు ఉన్నారో, ఏం పని చేసుకున్నారో తెలుసుకోవాలని మా కోడలికి ఆశ. మార్గం ఉందా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, త్యాగరాయనగర్, చెన్నై

జవాబు: ఉంది మాస్టారూ, మన ఊళ్ల కంటే అక్కడ చాలా సులువు కూడా. స్కాట్లాండ్‌లో 1855 జనవరి 1 నుంచి పుట్టుక, పెళ్లి, చావు ప్రభుత్వ పుస్తకాల్లో నమోదవుతున్నాయి. ఎవరైనా పోతే, ఆ నమోదులో పోయినవారి తండ్రి పేరు, వృత్తి, తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా రాస్తారు. అత్తింటికి వచ్చాక పుట్టింటి పేరు చెరిగిపోయే లోకంలో, ఈ ఒక్క గడి ఎన్ని కుటుంబాలను కలిపిందో చెప్పలేం. మొదటి సంవత్సరం, అంటే 1855లో, ఇంకా చాలా వివరాలు అడిగారు. అంత పెద్ద పని మోయలేక మరుసటి ఏడు తగ్గించుకున్నారు. అంతకు ముందు కాలానికి చర్చి రికార్డులున్నాయి. జనాభా లెక్కలు 1841 నుంచి పదేళ్లకొకసారి, ఇంట్లో ఎవరెవరు, ఎంత వయసు, ఏం పని అన్న వివరాలతో ఉన్నాయి; వందేళ్లు దాటినవే చూడనిస్తారు.

మీ కోడలికి అన్నిటికంటే పనికొచ్చేవి 1855లో మొదలైన పన్నుల మదింపు పుస్తకాలు. వీధి వారీగా, ఇంటి వారీగా, యజమాని ఎవరు, అద్దెకున్నది ఎవరు, ఏం వృత్తి, అద్దె ఎంత అని ఏటేటా రాసుకున్నారు. పాతకాలపు ఇంటి అమ్మకం, కొనుగోళ్లు 1617లో మొదలైన సాసీన్ల (స్థిరాస్తి హక్కుల) రిజిస్టరులో ఉంటాయి. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం పాత తపాలా డైరెక్టరీలను, ఊరి పెద్ద పటాలను ఉచితంగా కంప్యూటర్లో చూపిస్తోంది. ఆ డైరెక్టరీల్లో రొట్టెలవాడు, టోపీలవాడు, శాలువాల తయారీదారు ఏ వీధిలో ఉన్నారో దొరుకుతుంది. ఒక్క హెచ్చరిక: డైరెక్టరీలో వ్యాపారులు, ఇంటి పెద్దలు ఉంటారు గాని, మిల్లుకు వెళ్లే ఆడపిల్ల ఉండదు. ఆమె కోసం జనాభా లెక్కలే చూడాలి.

పేర్లు చూసి తికమకపడవద్దని కూడా చెప్పండి. అక్కడి పాత ఆనవాయితీ ప్రకారం పెద్ద కొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండో కొడుకుకు తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురుకు తల్లి తల్లి పేరు పెట్టేవారు. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది కొత్త కాదు, అయితే ఒకే వీధిలో ఒకే పేరుతో అయిదుగురు జేమ్స్‌లు ఉంటే మాత్రం వయసును, తల్లి పేరును బట్టే విడదీయాలి. వృత్తుల నుంచి వచ్చిన ఇంటిపేర్లు కూడా చాలా ఉన్నాయి: వెబ్‌స్టర్ అంటే నేతగాడు, బ్యాక్‌స్టర్ అంటే రొట్టెలు కాల్చేవాడు, లిట్‌స్టర్ అంటే అద్దకందారు, వాకర్ అంటే నేసిన ఉన్నిబట్టను తొక్కి చిక్కబరిచేవాడు. అంతమాత్రాన 1860లో వాకర్ ఇంటిపేరున్నవాడు బట్ట తొక్కాడని అనుకోకూడదు, వృత్తి గడిలో ఉన్నదే ప్రమాణం.

మీరు ఉపాధ్యాయులు కాబట్టి ఒక పోలిక చెబుతాను. 1790ల్లో సర్ జాన్ సింక్లెయిర్ అనే ఆయన స్కాట్లాండ్‌లోని తొమ్మిది వందలకు పైగా చర్చి పరగణాల పురోహితులకు ప్రశ్నల జాబితా పంపి, పంటలు, జీతాలు, వృత్తులు, ధరలు ఊరూరా రాయించి ఇరవై ఒక్క సంపుటాలుగా తెచ్చాడు. దాదాపు అదే కాలంలో స్కాట్లాండ్‌లోని స్టోర్నోవే ఊళ్లో పుట్టిన కాలిన్ మెకంజీ, ఏలూరుకు చెందిన కావలి సోదరుల సాయంతో మన పల్లెల కైఫీయతులు, అంటే ఊరి వృత్తాంతాలు, సేకరింపజేశాడు. కరణాలు చెప్పిన ఆ తెలుగు కాగితాల్లో కొంత భాగం ఇప్పటికీ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉంది. మీ కోడలు పైస్లీ పరగణా వృత్తాంతం చదివేటప్పుడు, మీరిక్కడ మీ సొంత ఊరి కైఫీయతు ఉందేమో వెతకండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే అందులో దొరికే ఆనందం వేరు.

పని మొదలుపెట్టేముందు ఒక్క జాగ్రత్త. వీధుల పేర్లు, ఇంటి నంబర్లు కాలక్రమంలో మారి ఉంటాయి, కాబట్టి ఇప్పుడు తలుపు మీదున్న నంబరుతో వెతకవద్దని చెప్పండి. ముందు పాత పటంలో భవనాన్ని గుర్తుపట్టి, ఆనాటి వీధి పేరు రాసుకోవాలి. ఆ తరువాత భవనం కట్టాక వచ్చిన మొదటి మదింపు పుస్తకం తెరిచి, ఒకే మెట్ల మీద ఎక్కే అన్ని ఇళ్ల వరుసలూ ఒక నోటుబుక్కులో దింపుకోవాలి, ఎందుకంటే రెండో అంతస్తు అని ఆ పుస్తకాల్లో తరచు రాయరు. పక్కింటివాళ్ల వృత్తులు చూసుకుంటూ జనాభా లెక్కలతో సరిపోల్చితే, ఏ కుటుంబం ఏ తలుపు వెనక ఉందో తేలుతుంది. ఏమైనా తేలితే ఆవిడను స్వయంగా ఈ శీర్షికకు రాయమనండి.